పొడవు కర్రతో అద్దాలు తుడిచేవారి భుజాలు, చేతులు

ఈసారి అందిన ఉత్తరాలలో మూడు ఒకే పనికి సంబంధించినవి. ఎత్తయిన అద్దాలను నేల మీద నిలబడి పొడవాటి కర్రతో, అంటే ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాలను లాగి పొడవు పెంచుకునే పోల్‌తో, శుభ్రం చేసేవారు తమ నొప్పుల గురించి అడిగారు. ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నందువల్ల ఈ పని చేసి అలసిన చేతులను నేను తరచుగా చూస్తుంటాను. అందుకే శీర్షిక మొత్తాన్ని ఈ మూడు ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 46. గచ్చిబౌలిలోని ఒక ఆఫీసు భవనంలో ఏడేళ్ళుగా హౌస్ కీపింగ్ పని చేస్తున్నాను. పై అంతస్తుల అద్దాలను తాళ్ళ మీద దిగేవాళ్ళు శుభ్రం చేస్తారు. కింది రెండు అంతస్తుల అద్దాలను మాత్రం మేమే కింద నిలబడి పోల్‌తో తుడుస్తాం. రోజూ ఉదయం 7 నుంచి 11 దాకా ఇదే పని. మూడు నెలలుగా కుడి భుజం గుంజుతోంది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోవడం లేదు, రాత్రి ఆ వైపు ఒత్తిగిలితే మెలకువ వచ్చేస్తోంది. షుగరు కూడా ఉంది. పని మానుకునే పరిస్థితి లేదు. భుజం ఇంకా పాడవకుండా ఏం చేయాలో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందుగా భుజంలో ఏం జరుగుతుందో చెబుతాను. అది తెలిస్తే పోల్ ఎలా పట్టుకోవాలో సగం మీకే అర్థమవుతుంది. భుజం కీలుకు పైన రెక్క ఎముక కొన ఇంటి చూరులాగా ముందుకు వచ్చి ఉంటుంది. ఆ చూరుకూ, దండచేయి ఎముక గుండ్రటి తలకూ మధ్య ఉన్న సన్నని సందులో నుంచి, చేతిని పైకి లేపే కండరం తాలూకు స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగం, పోతుంది. మోచేయి భుజం ఎత్తుకు లేచి, దాన్ని దాటిన ప్రతిసారీ ఆ సందు ఇరుకై స్నాయువు నలుగుతుంది. చేతిని అలాగే ఎత్తిపట్టి ఉంచితే బిగుసుకున్న కండరానికి రక్తం కూడా సరిగా అందదు. ఎప్పుడో ఒకసారి నలిగితే ఏమీ కాదు. రోజుకు నాలుగేసి గంటలు, ఏళ్ళ తరబడి నలిగితే వాస్తుంది, అరుగుతుంది, కొందరిలో చిరుగుతుంది కూడా.

ఈ నొప్పికి చాలామంది పోల్ బరువునే తప్పుపడతారు. నేను చూసినంతవరకు బరువు కన్నా ఎక్కువ కీడు చేసేది దాని వాలు. లెక్క చూడండి. స్పాంజితో కలిపి 2 కిలోలు తూగే 5 మీటర్ల పోల్‌ను నిలువుగా నిలబెట్టినంతసేపు చేతులు మోసేది ఆ 2 కిలోలే. అడుగు నేలకు ఆనితే అది కూడా ఉండదు. అదే పోల్‌ను నిలువు నుంచి 30 డిగ్రీలు వాల్చి గాలిలో పట్టుకుని, రెండు చేతుల మధ్య 60 సెంటీమీటర్ల ఎడమే ఉంచితే, అది ఒరిగిపోకుండా ఆపడానికి పై చేయి ఒక్కటే 4 కిలోలకు పైగా బలం పెట్టవలసి వస్తుంది. 60 డిగ్రీలకు వాలిస్తే ఆ బలం 7 కిలోలు దాటుతుంది. ఇది పోల్ బరువు నడిమధ్యన ఉందనుకుని వేసిన లెక్క. నీళ్ళు పీల్చిన స్పాంజి పై కొసన ఉంటుంది కాబట్టి నిజానికి పడే భారం ఇంతకన్నా ఎక్కువే. పొడవు రెట్టింపైతే బరువూ రెట్టింపై, ఆ బరువు ఉండే దూరమూ రెట్టింపై, చేతుల మీద భారం నాలుగింతలవుతుంది. అయితే చేతుల మధ్య ఎడాన్ని 60 సెంటీమీటర్ల నుంచి మీటరుకు పెంచితే, 30 డిగ్రీల వాలు దగ్గర ఆ 4 కిలోలు రెండున్నరకు దిగుతాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

కాబట్టి పోల్ గాలిలో తేలుతూ ఉండే సమయాన్ని వీలైనంత తగ్గించండి. స్పాంజి అద్దానికి ఆనిన క్షణం నుంచి వాలు భారంలో చాలా భాగాన్ని అద్దమే మోస్తుంది. అలా ఆనించి ఉంచే పైకీ కిందికీ నడపాలి. ఒక అద్దం అయ్యాక పక్కదానికి వెళ్ళేటప్పుడు చేతులు చాచి, నడుము తిప్పి అందుకోవద్దు. పోల్‌ను నిలువుగా తెచ్చుకుని, రెండడుగులు నడిచి, మళ్ళీ ఆనించండి. గోడకు ఎంత దూరంలో నిలబడాలని చాలామంది అడుగుతారు. మరీ దగ్గరగా నిలబడితే మెడ పూర్తిగా వెనక్కి విరుచుకోవాలి, మరీ దూరంగా నిలబడితే వాలు పెరుగుతుంది. నిచ్చెన వేసేటప్పుడు నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు ఎడం అని పాటించే కొలతే ఇక్కడా నాకు సబబుగా కనిపించింది. పైకి చూస్తున్నంతసేపు గడ్డాన్ని కాస్త లోపలికి లాక్కుని, ప్రతి అద్దానికీ ఒకసారి తల దించి మెడకు విశ్రాంతి ఇవ్వండి.

ఇక చేతుల సంగతి. ఇదే పని చేసే ఒకామె మా గదికి వచ్చినప్పుడు, మూల ఉన్న బూజు కర్ర ఆమె చేతికిచ్చి, రోజూ ఎలా తుడుస్తారో చేసి చూపించమన్నాను. పై చేయి తల దాటి పోయింది, కుడి భుజం చెవి దాకా లేచింది, కర్రను ఎంత గట్టిగా పట్టుకున్నారంటే బొటనవేలి గోరు తెల్లబడింది. పై చేతిని గుండె ఎత్తుకు, కింది చేతిని తొడ దగ్గరకు దించమని చెప్పగానే భుజం తనంతట తానే దిగింది. మీరూ ఈ రెండు గుర్తులూ పెట్టుకోండి: పై పిడికిలి గుండె ఎత్తు దాటకూడదు, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి. అంతకన్నా పైకి అందవలసి వస్తే చేతులు ఎత్తవద్దు, పోల్‌నే మరో మెట్టు పొడవు చేయండి. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి, ఒంటి బరువును ముందుకూ వెనక్కూ ఊపుతూ తోస్తే శ్రమ తొడలకు పోతుంది. రోకలి దంచే పెద్దవాళ్ళను చూసి ఉంటారు కదా. మోకాళ్ళను, నడుమును ఊపులో కలుపుకుంటూ, ఒక చేయి అలసేలోపే రెండో చేతికి మార్చుకుంటూ దంచేవారు. పోల్‌కు కూడా ఆ పద్ధతే సరైనది. కుడి చేయి పైన ఉంచి ఒక అద్దం తుడిస్తే, ఎడమ చేయి పైన ఉంచి తరువాతిది తుడవండి. మొదటి వారం ఎబ్బెట్టుగా ఉంటుంది, తరువాత అలవాటవుతుంది.

పోల్‌ను నేల మీద పడుకోబెట్టి పూర్తిగా పొడవు చేసి, అక్కడ నుంచి ఎత్తడం అన్నిటికన్నా ప్రమాదం. ఒక్క విసురుకే స్నాయువు చిరిగినవారు ఉన్నారు. నిలువుగా పట్టుకుని, అడుగును గోడ మొదట్లో ఆనించి, ముందు పైనున్న సన్నని గొట్టాన్ని లాగి లాక్ వేసి, ఆ తరువాతే దాని కిందిదాన్ని లాగండి. దించేటప్పుడు ఇదే వరుసను తిరగేయండి.

ఏకబిగిన నాలుగు గంటలు అద్దాలే తుడవడం ఏ భుజానికైనా ఎక్కువే. చేతులు తల పైకి, లేదా మోచేతులు భుజాల పైకి ఎత్తి చేసే పని రోజుకు మొత్తం 2 గంటలు మించితే జాగ్రత్తపడవలసిన పనిగా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర కార్మిక శాఖ లెక్కిస్తుంది. ఇరవై, పాతిక నిమిషాలు అద్దాలు చేశాక పది నిమిషాలు చేతులు కిందే ఉండే పని, అంటే తలుపుల పిడులు తుడవడం, మొక్కలకు నీళ్ళు పోయడం వంటివి చేసేలా సూపర్‌వైజర్ గారితో మాట్లాడండి. ఇద్దరు మనుషులు వంతులు మార్చుకుంటే పని ఏమీ తగ్గదని కూడా చెప్పండి. ఇది మీరు అడిగే దయ కాదు, పని సవ్యంగా సాగడానికి కావలసిన ఏర్పాటు.

మీ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. షుగరు ఉన్నవారిలో, ముఖ్యంగా 40 నుంచి 60 ఏళ్ళ మధ్య, భుజం కీలు పొర బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వస్తుంది. మీరు రాసిన జడ, నిద్ర ఇబ్బందులు దానిలోనూ ఉంటాయి, స్నాయువు వాపులోనూ ఉంటాయి. మోచేతిని నడుముకు ఆనించి, మీ ముంజేతిని బయటి వైపుకు నెమ్మదిగా తిప్పమని ఇంట్లో ఎవరినైనా అడగండి. వేరొకరు తిప్పినా అది ఎడమ చేతిలో సగం కూడా తిరగకపోతే కీలు బిగుసుకుంటోందని అనుమానించాలి. అలా కాక, చేతిని పక్కకు ఎత్తేటప్పుడు నడుమ ఒక మేర నొప్పి పుట్టి ఇంకా పైకి పోతే తగ్గుతుంటే స్నాయువు నలుగుతున్నట్టు. ఈ రెండింటికీ చికిత్స వేరు కాబట్టి ఎముకల డాక్టరుకు చూపించుకోవడం తప్పదు. జీతం నెలకు 21,000 రూపాయలలోపు ఉండి, అందులో ఈఎస్ఐ కింద 0.75 శాతం కోత పడుతుంటే, ఈఎస్ఐ డిస్పెన్సరీలో, అక్కడ నుంచి రాసిస్తే ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకునే హక్కు మీకుంది. జీతం చీటీలో ఆ గడి చూసుకోండి. ఈలోగా మంచి చేతిని బల్ల మీద ఆనించి ముందుకు వంగి, నొప్పి ఉన్న చేతిని గడియారం లోలకంలాగా వేలాడదీసి ఒక్కో దిక్కుకు పదిసార్లు మెల్లగా ఊపండి. ఉదయం, సాయంత్రం చేస్తే చాలు.

ప్రశ్న: నేను రిటైరయిన ఉపాధ్యాయుడిని. మా డ్యూప్లెక్స్ ఇంట్లో మెట్ల మీదుగా 12 అడుగుల ఎత్తున పెద్ద అద్దం కిటికీ ఉంది. పండక్కి బూజులు దులిపి, ఆ అద్దం కూడా తుడుద్దామని 20 అడుగుల దాకా పొడవయ్యే అల్యూమినియం పోల్ కొన్నాను. అద్దం మీద బోరు నీళ్ళ తెల్లటి మరకలు ఎంత రుద్దినా పోలేదు కానీ, నా బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుని పది రోజులైనా తగ్గడం లేదు. ఇంతకన్నా తేలికైన కార్బన్ ఫైబర్ పోల్ కొనమంటారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మీ అద్దం 12 అడుగులే. నేల నుంచి నాలుగడుగుల ఎత్తున మీ చేతులే ఉంటాయి కాబట్టి మీకు కావలసింది ఎనిమిది, తొమ్మిది అడుగుల కర్ర. 20 అడుగుల పోల్‌ను తొమ్మిదడుగులకే లాగి వాడినా, లోపల ముడుచుకుని ఉన్న మిగతా గొట్టాల బరువంతా మీ చేతిలోనే ఉంటుంది. కొత్తది కొననక్కరలేదు, మీ పోల్‌లో గొట్టాలు విడివిడిగా ఊడివచ్చేవైతే రెండింటిని మాత్రమే ఉంచి వాడండి, లేదా ఎనిమిదడుగుల సాదా రాడ్ ఒకటి తెచ్చుకోండి.

కార్బన్ ఫైబర్ తేలికైనది, వంగనిది అన్న మాట నిజమే. కానీ అల్యూమినియం లాగానే అందులో నుంచీ కరెంటు ప్రవహిస్తుంది. మన వీధుల్లో మేడల గోడలకు చేయి చాపితే అందేంత దగ్గరగా తీగలు పోతుంటాయి కాబట్టి, ఇంటి బయట వైపు తుడిచేటప్పుడు ఏ పోల్‌నైనా తీగల చాయలకు పోనివ్వవద్దు. గ్లాస్ ఫైబర్‌దైనా సరే, తడిస్తే దాన్నీ నమ్మకూడదు.

మీ బొటనవేలి నొప్పి రుద్దడం వల్ల వచ్చినది. కర్ర బిగించి పట్టుకుని మణికట్టును చిటికెనవేలి వైపు వంచుతూ రుద్దితే, బొటనవేలిని కదిపే రెండు స్నాయువులు తమ తొడుగులో ఒరుసుకుని వాస్తాయి. బొటనవేలిని పిడికిలిలోకి ముడిచి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచినప్పుడు ప్రాణం పోయినంత నొప్పి వస్తే అదే. 1895లో దీన్ని వర్ణించిన స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు. మూడు వారాలు బొటనవేలు కదలకుండా పట్టీ వేసుకోండి, చెంబులు, బకెట్లు ఎడమ చేత్తో ఎత్తండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు గారికి చూపించుకోండి.

బోరు నీళ్ళ మరకలు సున్నపు పొరలు. అవి బలానికి లొంగవు, నానితే లొంగుతాయి. వెనిగర్‌ను సమానంగా నీళ్ళలో కలిపి, స్పాంజితో అద్దానికి పట్టించి, ఐదు నిమిషాలు నానబెట్టి, మళ్ళీ తడిపి లాగండి. కిటికీ గట్టు పాలరాయిదైతే దాని మీద వెనిగర్ పడనివ్వవద్దు, రాయి మెరుపు పోతుంది. ఆఖరి కడుగు ఆర్ఓ నీళ్ళతో కానిచ్చి, వెంటనే వైపర్ పైనుంచి కిందికి ఒక్క లాగు లాగితే మరక మళ్ళీ పట్టదు. ఎండ పడే వేళ ఈ పని పెట్టుకోకండి. నీళ్ళు అద్దం మీదే ఎండిపోయి, మళ్ళీ రుద్దవలసి వస్తుంది.

ప్రశ్న: కార్ల షోరూంలో అద్దాలు తుడుస్తాను. వయసు 24. రాత్రిపూట కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది, విదిలిస్తే తగ్గుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర రోజూ వేసుకుని పనికి వెళుతున్నాను. పరవాలేదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పరవాలేదని చెప్పలేను, బాబూ. నొప్పి మాత్రలు డాక్టరు రాయకుండా రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పైగా మీ బాధ నరం నొక్కుకుపోవడం వల్ల వస్తున్నట్టుంది, దానికి ఆ మాత్ర పనిచేయదు. చిటికెనవేలికి తిమ్మిరి లేకపోవడం గమనించండి. మణికట్టు మధ్య నుంచి అరచేతిలోకి వెళ్ళే నరం ఆ వేలికి పోదు. మణికట్టు వంచి, గట్టిగా బిగించి పట్టుకున్నంతసేపు ఆ నరం ఇరుకులో పడుతుంది. సబ్బు నీళ్ళకు జారే సన్నని రాడ్‌ను పట్టుకోవడానికి అవసరానికి మించి బిగిస్తాం. పాత సైకిల్ ట్యూబును రాడ్‌కు చుట్టి, పట్టు 3, 4 సెంటీమీటర్ల మందం వచ్చేలా చేసుకోండి, జారదు, బిగింపూ తగ్గుతుంది. రబ్బరు గ్లవ్స్ మీ చేతి కొలతకు సరిపోయేవే వాడండి. వదులువైనా బిగువువైనా పిడికిలి ఎక్కువ బిగించవలసి వస్తుంది. రాత్రి మణికట్టు నిటారుగా ఉండేలా పట్టీ కట్టుకుని పడుకోండి. రెండు మూడు వారాల్లో తిమ్మిరి తగ్గకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, అరచేతిలో బొటనవేలి మొదలు దగ్గరి కండ పలచబడినట్టు కనిపించినా, నరాల పరీక్ష చేయించుకోవడానికి ఆ వారమే వెళ్ళండి.