ఆ ఎకో మాత్రం మానేయకండి

మీ అక్కగారికి హెర్‌2 పాజిటివ్ (హెర్‌2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే) రొమ్ము క్యాన్సర్ అని, గుండెజబ్బు ఎప్పుడూ లేకపోయినా మూడు నెలలకోసారి టూడీ ఎకో (గుండె స్కాన్) రాస్తున్నారని, ఈసారిది మానేయొచ్చా అని అడిగారు. దయచేసి మానేయకండి. మా అమ్మకు జరిగింది చెబుతాను.

అమ్మకు ముందు ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, నాలుగుసార్లు ఎక్కించారు. తర్వాత మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్, అంటే ఆ హెర్‌2 మీద పనిచేసే ఇంజెక్షన్, ఏడాది పాటు. రెండూ గుండె కండరాన్ని నీరసపరచగలవు. ఎర్ర మందు ఎంత ఎక్కువ ఎక్కితే ముప్పు అంత పెరుగుతుంది. ట్రాస్టుజుమాబ్‌తో తగ్గిన పంపింగ్ మాత్రం, మందు ఆపి వైద్యం చేస్తే చాలామందిలో తిరిగి పుంజుకుంటుంది. కాకపోతే సమయానికి కనిపెట్టాలి.

వైద్యానికి ముందు అమ్మ ఈఎఫ్ 62. అంటే ఎడమ గదిలో నిండిన రక్తంలో ప్రతిసారీ 62 శాతం బయటికి వెళ్తోందన్నమాట. రెండో ఎకోకి అంత దూరం ఎందుకని మా ఊళ్లోనే తీయించాం. రిపోర్టులో ‘గుడ్ ఎల్‌వీ ఫంక్షన్’ అని, అంటే ఎడమ గది బాగానే పనిచేస్తోందని రాసిచ్చారు, ఈఎఫ్ అంకె లేదు. క్యాన్సర్ డాక్టరు గారు అది చూసి, ‘దీన్ని దేనితో పోల్చుకోవాలమ్మా?’ అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాతి ఎకోలో ఈఎఫ్ 47. అమ్మకు ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు, ఇంట్లో వంట తనే చేస్తోంది. ఎకో తీయించకపోతే మాకెవరికీ తెలిసేదే కాదు. పది పాయింట్లకు మించి పడి, పైగా 50 కిందికి వచ్చిందని ఇంజెక్షన్ ఆపి గుండె డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన గుండెకు ఊతమిచ్చే మందులు కార్వెడిలాల్, రామిప్రిల్ చిన్న డోసులో మొదలుపెట్టారు. ఆ ఆరు వారాలూ, క్యాన్సర్ మందు ఆగిపోయిందే అన్న టెన్షన్‌తో మాకు నిద్ర లేదు. మళ్లీ తీస్తే 55 వచ్చింది. ఇంజెక్షన్లు తిరిగి మొదలయ్యాయి, కోర్సు పూర్తయింది.

వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే మిషన్ మీద తీయించండి, ఈఎఫ్ అంకె వేయమని అడిగి మరీ రాయించుకోండి. ‘స్ట్రెయిన్’ కూడా చూస్తారేమో అడగండి. ఈఎఫ్ పడకముందే కండరం ముడుచుకునే తీరులో తేడా అందులో తెలుస్తుంది. అది మామూలుగా మైనస్ 20 దగ్గర్లో ఉంటుంది, మైనస్ గుర్తు చూసి కంగారు పడకండి. మైనస్ గుర్తు పక్కన పెట్టి చూస్తే, మొదటి రిపోర్టులోని అంకెలో 15 శాతానికి మించి తగ్గితే (అంటే 20 ఉన్నది 17 కంటే కిందికి వస్తే) డాక్టర్లు పట్టించుకుంటారు. మిషన్ మారితే ఈ అంకె కొంచెం మారుతుంది కాబట్టి పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.

ఎకో అల్ట్రాసౌండే, రేడియేషన్ ఉండదు. మధ్యలో ఆయాసం, కాళ్ల వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం లాంటివి కనిపిస్తే మాత్రం తర్వాతి తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి.