షాంఘై ఉద్యోగం: అనుమతి పత్రం వచ్చాకే రాజీనామా

ప్రశ్న: మా అమ్మాయికి 27 ఏళ్లు. ఈఈఈ చదివి, పుణెలో ఒక బ్యాటరీల సంస్థలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. షాంఘైలో విద్యుత్ వాహనాల విడిభాగాలు తయారుచేసే కంపెనీ ఒకటి నెలకు 25,000 యువాన్ల జీతంతో రెండేళ్ల ఉద్యోగం ఇస్తానంది. ముందు బిజినెస్ వీసా మీద రమ్మని, వచ్చాక మారుస్తామని అంటున్నారు. బంధువులంతా చైనా వద్దంటున్నారు. అమ్మాయి శాకాహారి. రోజూ తన గొంతు వినకపోతే నాకు తోచదు. పంపమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పంపండమ్మా. కానీ వాళ్లు చెప్పిన దారిలో మాత్రం వద్దు.

బిజినెస్ వీసా మీద వెళ్లి జీతానికి పనిచేయడం చైనాలో చట్టవిరుద్ధం. 2013 నుంచి అమల్లో ఉన్న విదేశీయుల రాకపోకల చట్టం ప్రకారం అనుమతి లేకుండా పనిచేసిన విదేశీయుడికి 5,000 నుంచి 20,000 యువాన్ల వరకు జరిమానా వేస్తారు. తీవ్రమైన సందర్భాల్లో 5 నుంచి 15 రోజులు నిర్బంధిస్తారు కూడా. 'వచ్చాక మారుస్తాం' అన్న మాట నమ్మి వెళ్లిన ఒక కుర్రాడు కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చాడు. అప్పటికే జరిమానా కట్టి, మూడు నెలల జీతం వదులుకుని తిరిగొచ్చేశాడు. ముందే అడిగి ఉంటే ఒక్క వాక్యంలో ఆపగలిగేదాన్నని ఇప్పటికీ బాధపడతాను.

సరైన దారి ఇది. ముందుగా కంపెనీ షాంఘైలో దరఖాస్తు చేసి విదేశీయుల పని అనుమతి నోటిఫికేషన్ తెప్పించాలి. దాన్ని చూపించి అమ్మాయి ఇక్కడ జడ్ వీసా, అంటే ఉద్యోగ వీసా తీసుకోవాలి. అక్కడ దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర చిరునామా నమోదు చేయించుకోవాలి. హోటల్లో దిగితే ఆ పని వాళ్లే చేస్తారు, అద్దె ఇంట్లో దిగితే తనే చూసుకోవాలి. చైనాలో దిగిన 30 రోజుల్లోపే నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. డిగ్రీ, దానికి తోడు సంబంధిత రంగంలో రెండేళ్ల అనుభవం ఉన్నవారికి పని అనుమతి మామూలుగా దొరికేదే. మీ అమ్మాయికి నాలుగేళ్ల అనుభవం ఉంది. అయినా కంపెనీ దగ్గరి దారి వెతుకుతోందంటే, కారణం ఏమిటో సూటిగా అడగమనండి. నోటిఫికేషన్ చేతికి రానిదే పుణెలో రాజీనామా ఇవ్వకూడదు.

ఈ రాత్రే ఒక పని చేయండి. పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి పేరు చూడండి. మన పిల్లల కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి చివర ఉంటుంది. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. అక్కడ మాత్రం పని అనుమతి, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, ఫోనులో చెల్లింపులు అన్నీ పాస్‌పోర్టులోని పేరుకే ముడిపడి ఉంటాయి. బ్యాంకులో గుమాస్తా రెండు మాటల మధ్య ఖాళీ వదలకుండా కొట్టినా, వీచాట్ (సందేశాలకూ చెల్లింపులకూ వాడే యాప్) చెల్లింపులకు ఆ ఖాతా జతకాకపోవచ్చు. షాంఘైలో కూరగాయల కొట్టు నుంచి మెట్రో దాకా చెల్లింపులు దాదాపు అన్నీ ఫోనుతోనే కాబట్టి చేతిలో డబ్బుండీ ఇబ్బంది పడాల్సి వస్తుంది. పట్టాకూ పాస్‌పోర్టుకూ తేడా ఉంటే సవరణో, ఇద్దరూ ఒకరేనన్న ధ్రువపత్రమో ఇప్పుడే తీసుకోండి. అక్కడ ఖాతా తెరిచేటప్పుడు తన పేరును ఎలా ఎక్కించారో తెర మీద చూసి ఫొటో తీసుకోమనండి.

జీతం సంగతి. 25,000 యువాన్లంటే మన లెక్కలో సుమారు మూడు లక్షల రూపాయలు. అయితే చేతికి అంత రాదు. విదేశీ ఉద్యోగులు కూడా 2011 నుంచి అక్కడి సామాజిక బీమా పరిధిలోకి వస్తారు. పింఛనుకు 8 శాతం, వైద్యానికి 2, నిరుద్యోగ బీమాకు అర శాతం కోస్తారు. ఏడాదికి 60,000 యువాన్ల మినహాయింపు పోను మిగిలిన దాని మీద ఆదాయపు పన్ను పడుతుంది. నేను వేసిన లెక్కలో నెలకు సుమారు 20,300 మిగులుతాయి. పింఛను ఖాతాలో తన వాటాగా పడిన సొమ్మును దేశం వదిలేటప్పుడు దరఖాస్తు పెట్టి వెనక్కి తీసుకోవచ్చు. చాలామంది ఈ సంగతి తెలియక వదిలేసి వస్తారు.

మొదటి నెలలో పెద్ద దెబ్బ అద్దెది. ఒక నెల అడ్వాన్సు, మూడు నెలల అద్దె కలిపి ఒకేసారి కట్టడం అక్కడి పద్ధతి. ఆరు వేల యువాన్ల గదికి తాళం చెవి చేతికి రావాలంటే 24,000 కావాలి, మధ్యవర్తి కమీషన్ వేరు. తొలి జీతం రాకముందే ఈ ఖర్చు మీద పడుతుంది. అందుకే మొదటి నెల బస కంపెనీయే చూడాలని, లేదా జీతంలో ముందస్తు ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోవాలి. రెండేళ్ల ఒప్పందానికి ప్రొబేషన్ రెండు నెలలు దాటకూడదని చట్టం. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా వారానికి ఆరు రోజుల పని చట్టవిరుద్ధమని అక్కడి సుప్రీం కోర్టు 2021లోనే తేల్చినా, ఆ అలవాటు పూర్తిగా పోలేదు. శనివారాలు పని ఉంటుందా అని ఇంటర్వ్యూలోనే అడగడం తప్పు కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మాట చెబుతాను. మీ అమ్మాయి చైనా భాష నేర్చుకుంటానంటేనే ఈ ఉద్యోగానికి వెళ్లాలి. షాంఘైలో భాష రాకుండా రెండేళ్లు గడిపేయవచ్చు. ఆఫీసులో ఇద్దరు ఇంగ్లీషు మాట్లాడతారు, మిగతాది ఫోను అనువదిస్తుంది, ఆదివారం మనవాళ్లు కలుస్తారు. అలా గడిపి కొంత డబ్బుతో తిరిగొచ్చినవారిని చూశాను. పుణెలో ఉండి పదోన్నతి తెచ్చుకున్న స్నేహితులకన్నా వాళ్లు ఒక మెట్టు వెనకే ఉన్నారు.

భాష వస్తే కథ వేరు. 2019లో కట్టడం మొదలుపెట్టి అదే ఏడాది చివరికి కార్లు అందించిన టెస్లా కర్మాగారం షాంఘైలోనే ఉంది. మన రోడ్ల మీద కనిపించే ఎంజీ కార్ల పేరు షాంఘైకి చెందిన సైక్ సంస్థదే. 2020 సరిహద్దు ఘర్షణ తర్వాత చైనా సాంకేతిక నిపుణులకు మన వీసాలు దొరకడం కొన్నేళ్లపాటు కష్టమైంది. యంత్రం అక్కడిది, దాన్ని నడిపించాల్సినవారు ఇక్కడివారు. ఆ రెంటి మధ్య నిలబడి, డ్రాయింగు చదివి, సరఫరాదారుతో వాళ్ల భాషలోనే బేరమాడగల ఇంజినీరు మన దగ్గర ఎంతమంది ఉన్నారు? చాలా అరుదు. మీ అమ్మాయి ఆ కొద్దిమందిలో ఒకరు కావాలి.

కష్టమే, కాదనను. కొనడం 'మాయ్', అమ్మడమూ 'మాయ్'. గొంతు కిందికి దించి లేపితే కొనడం, పైనుంచి ఒక్కసారిగా దించితే అమ్మడం. వీసా వచ్చేలోపే రోజుకు గంట చొప్పున మొదలుపెట్టాలి. రెండేళ్లలో చైనా భాషా ప్రావీణ్య పరీక్ష హెచ్‌ఎస్‌కేలో నాలుగో స్థాయి దాటడం గురిగా పెట్టుకోవాలి. వీలైతే గదిలో తోడుగా తెలుగు అమ్మాయిని కాకుండా చైనా అమ్మాయిని వెతుక్కోమనండి.

మీ మిగతా భయాలు. ఆడపిల్ల రాత్రి పది గంటలకు మెట్రో దిగి ఒంటరిగా నడిచి వెళ్లడం ఆ ఊళ్లో మామూలు విషయం. శాకాహారికి బయటి తిండి ఇబ్బందే. ఆకుకూర వేపుడులోనూ పంది కొవ్వో, ఆల్చిప్పల సాసో పడుతుంది. 'వో ఛ్ సూ', అంటే నేను శాకాహారిని అన్న ముక్క మొదటి రోజే నేర్చుకోవాలి. జేడ్ బుద్ధ ఆలయంలో శాకాహార నూడుల్స్ దొరుకుతాయి. అయినా చిన్న కుక్కరు, కందిపప్పు ఉంటే ప్రాణం నిలబడుతుంది. సామానులో గసగసాలు మాత్రం పెట్టకండి, అవి నల్లమందు మొక్క గింజలే, మాదకద్రవ్యాల విషయంలో అక్కడి చట్టాలు చాలా కఠినం. చలి సంగతి ఎవరూ చెప్పరు. ఇళ్లన్నిటికీ ఒకేచోటి నుంచి వేడి అందించే ఏర్పాటు చైనాలో ఉత్తరాది ఊళ్లకే ఉంది, షాంఘైకి లేదు. జనవరిలో గది లోపలే చేతులు కొంకర్లు పోతాయి. ఉన్ని లోదుస్తులు రెండు జతలు కొనండి.

ఇక రోజూ మాట్లాడటం. వాట్సాప్ అక్కడ పనిచేయదు. అక్కడివాళ్లు వాడే వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. అందుకని అమ్మాయి భారత సిమ్‌ను మూసేయకుండా అంతర్జాతీయ రోమింగుతో ఉంచుకోవాలి. రోమింగ్ డేటా మన నెట్‌వర్కు మీదుగా వెళుతుంది కాబట్టి దాని మీద వాట్సాప్ నడుస్తుంది, ఇక్కడి బ్యాంకు ఓటీపీలూ అందుతాయి. ఖర్చు ఎక్కువనిపిస్తే వీడియోకు మైక్రోసాఫ్ట్ టీమ్స్ వాడవచ్చు. వెళ్లే ముందే మీ ఫోనులో పెట్టించుకుని ఇంట్లోనే నాలుగు రోజులు వాడి చూడండి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. మన సాయంత్రం ఆరున్నరకు అక్కడ రాత్రి తొమ్మిది, తను భోంచేసి కూర్చునే వేళ.