నెల్లూరు వేడికి లీక్స్ పండుతాయా?

మేడ మీద కుండీల్లో వేసిన లీక్స్ (ఉల్లికాడల్లాంటివే, తెల్లటి లావు కాడ ఉంటుంది) సన్నగానే ఉండిపోయాయి, మన వేడికి ఇవి రావా, వస్తే ఎలా వండాలి అని అడిగారు. వస్తాయండీ. మాది కావలి, మా పెరట్లో ఏటా పెడుతున్నాం. ఇప్పుడున్న సన్నవాటిని ఉల్లికాడల్లాగే కోసి వాడేసుకోండి, ఈసారి నెల చూసుకుని వేయండి.

లీక్ చలికాలపు పంట, పైగా నిదానంగా పెరుగుతుంది. నాటాక మూడు నెలలైనా పడుతుంది. మనకేమో పెద్ద వానలన్నీ అక్టోబరు, నవంబరుల్లోనే. వాయుగుండం పట్టిందంటే మడిలో నీళ్లు నిలిచి లేత మొక్కలు కుళ్లిపోతాయి. అందుకే సెప్టెంబరు చివర్లో ట్రేలో విత్తనాలు చల్లి, వాన తగలకుండా వెలుతురు వచ్చే చోట పెట్టండి. మొలకకే పది రోజులు దాటొచ్చు, టెన్షన్ పడకండి. వానలు తెరిపిచ్చాక డిసెంబరు మొదట్లో నారు నాటుకోవాలి.

ఆరంగుళాల లోతున సన్నటి గుంత తీసి, మొక్క దించి, మట్టి కప్పకుండా నీళ్లు మాత్రం పోయండి. కాడ పెరిగేకొద్దీ మొదట్లోకి మట్టి ఎగదోస్తుండాలి. మట్టిలో ఉన్న భాగమే తెల్లగా, మెత్తగా వస్తుంది. కుండీ అడుగు లోతైనా ఉండాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం కష్టం, ఉల్లి జాతి తట్టుకోదు. ఆకుల మీద వెండిరంగు చారలు కనిపిస్తే తామర పురుగే, వేపనూనె కొట్టండి.

సూపర్ మార్కెట్లో చూసేంత లావు కోసం ఆగొద్దు. బొటనవేలంత అయితే పీకేయండి. మార్చి ఎండ ముదిరితే కాడ పీచెక్కుతుంది.

మట్టి ఎగదోస్తాం కాబట్టి పొరపొరలోనూ ఇసుక ఉంటుంది. నిలువునా చీల్చి, పొరలు విప్పి, వెడల్పాటి గిన్నెలో నీళ్లు మార్చి మార్చి కడగండి. మా ఇంట్లో పెసరపప్పుతోనే ఎక్కువ. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో లీక్ ముక్కలు, కాస్త ఉప్పు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనిచ్చి, నానిన పప్పు కలిపి నీళ్లు చిలకరిస్తే పప్పు పలుకుగా ఉడుకుతుంది. ఎర్రగా వేయిస్తే చేదెక్కుతుంది, జాగ్రత్త. పచ్చిరొయ్యల ఇగురులో ఉల్లిపాయ బదులు ఇది వేసి చూడండి, రొయ్య తీపికి దీని తీపి భలే కలుస్తుంది. చేపల పులుసులో మాత్రం వద్దు, చింతపండు ముందు దీని రుచి తెలియనే తెలియదు. పైనున్న ముదురాకులు నమలలేం గానీ పారేయకండి, మరిగించి వడకడితే సూప్‌కి మంచి నీళ్లొస్తాయి.