పెరుగు ఐస్ రాయిలా గడ్డకట్టకుండా ఉండాలంటే

మామిడిపండు గుజ్జు, పెరుగు కలిపి ఫ్రీజర్‌లో పెడితే తెల్లారేసరికి చెంచా కూడా దిగలేదన్నారు కదండీ. తప్పు మీది కాదు, పెరుగులోని నీటిది. ఆ నీరే పెద్ద పెద్ద ఐసు పలుకులవుతుంది.

ఈసారి తిరగేసి చేయండి. పెరుగును కాదు, పండును గడ్డకట్టించండి. బంగినపల్లి ముక్కలు రెండు కప్పులు పళ్ళెంలో ఒకదానికొకటి అంటకుండా పరిచి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. అర లీటరు గడ్డపెరుగును పల్చని బట్టలో మూటగట్టి, గిన్నె మీద వేలాడదీసి మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. కారిన నీళ్ళు పారబొయ్యకండి, చపాతీ పిండిలోకి బావుంటాయి.

గడ్డకట్టిన పండు ముక్కలు, బట్టలో మిగిలిన గట్టిపెరుగు ఒక కప్పు, మూడు చెంచాల తేనె, చిటికెడు ఉప్పు మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి లస్సీ అయిపోతుంది, నాకు రెండుసార్లు అయింది! మొదట ఇసుకలా పొడిపొడిగా కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు. అంచులు గీకి మళ్ళీ తిప్పితే ఒక్కసారిగా వెన్నలా దగ్గరపడుతుంది. వెంటనే తినేయండి.

తీపి మరీ తగ్గించకండి. అది రుచికే కాదు, గట్టిపడకుండా ఆపేదీ అదే. మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టుకుని, తినే ముందు పావుగంట బయట ఉంచండి. పుచ్చకాయతో మాత్రం వద్దండీ, అంతా నీళ్ళే.