అండమాన్ గుడ్లగూబలు, చిలుకల పట్టిక: బయల్దేరే ముందు చదువుకో

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

గుడ్లగూబలు, చిలుకలు లెక్కపెట్టడానికి జనవరిలో అండమాన్ వెళ్తున్నావని తెలిసింది. మంచి కాలమే ఎంచుకున్నావు. మే నుంచి నైరుతి వానలు, అవి తగ్గాక ఈశాన్య వానలు. గూబల కూత సరిగ్గా వినాలంటే జనవరి–ఏప్రిల్ మధ్యే. మన గడియారమే అయినా అక్కడ శీతాకాలంలో సాయంత్రం ఐదింటికే సూర్యుడు కుంగుతాడు. చిలుకల లెక్కకి నాలుగున్నరకల్లా చోట్లో నిలబడి ఉండాలి.

కాగితాల పని ఇప్పుడే మొదలెట్టు. జాతీయ పార్కుల్లో సర్వేకి అటవీ శాఖ అనుమతి, నికోబార్‌కి విడిగా పాస్ కావాలి. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన కింద ఉన్న రిజర్వుల్లో అడుగు పెట్టకు, అంచున నిలబడి రికార్డు చేద్దామని కూడా అనుకోకు.

పుస్తకంలో ద్వీపానికొక పుట కేటాయించు. ఊరి పేరు పాతదీ కొత్తదీ రెండూ రాయి. పోర్టు బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది, హేవ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. లేదంటే పాత రికార్డులతో పోల్చబోతే ఒకే చోటు రెండుగా తేలుతుంది. వరుసలో తేదీ, సమయం, జీపీఎస్, చూశావా విన్నావా, ఏ ఆనవాలుతో ఆ పేరు పెట్టావు అన్నవి ఉండాలి. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే ఆ వరుస నేను ఒప్పుకోను.

గుడ్లగూబల దగ్గర తొందరపాటు అసలు పనికిరాదు. మన ఊళ్ళో గోడ మీద కూర్చునే పిల్లంగి పిట్ట అక్కడ లేదు. అలవాటుకొద్దీ రాసేస్తావు, జాగ్రత్త. చిన్న గూబల్లో అండమాన్ స్కాప్స్ గూబ ఒకటి, ఓరియంటల్ స్కాప్స్ గూబ ఒకటి. మొదటిదాని పొట్ట మీద సన్నని అల్లిక, చిన్న చిన్న తెలుపు నలుపు చుక్కలు. రెండోదానికి నల్లని నిలువు గీతలు. ఒంటి రంగు నమ్ముకోకు, ఎరుపూ గోధుమా రెండూ ఉంటాయి. డేగ గూబలూ రెండే: పొట్ట మొత్తం ఒకే ముదురు చాక్లెట్ రంగైతే హ్యూమ్ గూబ, లేత పొట్ట మీద ఎర్రటి గీతలుంటే అండమాన్ డేగ గూబ. హృదయాకారపు ముఖం, నల్లని కళ్ళు ఉంటే అండమాన్ బార్న్ గూబ.

చీకటి పడ్డాక ఒక్కో చోట పది నిమిషాలు కదలకుండా విను. చోట్ల మధ్య కనీసం అర కిలోమీటరు ఉంచు, లేదంటే ఒకే పక్షి రెండుసార్లు లెక్కకొస్తుంది. ఫోన్‌లో కూత పెట్టి పిలిస్తే పక్షి తన చోటు వదిలి నీ దగ్గరికొస్తుంది, అప్పుడు నువ్వు రాసే చోటే తప్పవుతుంది. గూడు కాలంలో దానికీ చేటు. "త్యుక్ త్యుక్" అని వరసగా వినిపిస్తే అది అండమాన్ నైట్‌జార్ అనే రాత్రి పక్షి, గూబ కాదు. గాలి హోరెత్తిన రాత్రి పుటలో "లేదు" అని రాయకు, "గాలి, వినలేకపోయా" అని రాయి.

చిలుకలు పగటి పని, కానీ మోసం వీటిలోనూ ఉంది. ముక్కు రంగు చూసి జాతి చెప్పకు. గులాబీ రొమ్ము చిలుకలో మగదానికి పై ముక్కు ఎరుపు, ఆడదానికి నలుపు. అది ఆడామగా తేడా మాత్రమే. జాతికి ఆనవాళ్ళు వేరు: ఎర్రని బుగ్గ ఉంటే పొడవు తోక చిలుక, భుజాన ఎర్ర మచ్చతో పెద్ద ముక్కున్నది అలెగ్జాండ్రిన్, పిచ్చుకంత ఉండి నడుము ఎర్రగా మెరిసి దూసుకుపోయేది వేలాడే చిలుక. మెడకి ఉంగరం ఉండి భుజాన మచ్చ లేని మన మామూలు రామచిలుక కనబడితే పంజరం నుంచి తప్పించుకున్నదేమో అడిగి, ఆ మాట రాసుకో.

లెక్క రాత్రి బస చేసే చెట్ల దగ్గర, గుంపు వచ్చే దిక్కున నిలబడి వెయ్యి. ఇద్దరుండాలి: ఒకరు లెక్క పెట్టాలి, ఒకరు రాయాలి. తోటలో తిరిగే గుంపులను కలిపితే అవే పక్షులు ఒక రోజులో మూడుసార్లు పడతాయి.

గ్రేట్ నికోబార్ దాకా వెళ్ళగలిగితే అక్కడ నికోబార్ చిలుక ఉంది, బూడిద తల, నుదుట నల్లని పట్టీ. అక్కడి స్కాప్స్ గూబకి 1998లో పక్షి శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ మ్యూజియం నమూనాలు చూసి పేరు పెట్టారు, కూత విని కాదు. కాబట్టి అక్కడ ఏ చిన్న కూతనీ తీసిపారేయకు, వేవ్ ఫైల్‌గానే దాచు, కుదించిన ఫైలు వద్దు. రికార్డు మొదట్లో చోటూ సమయం నీ గొంతుతోనే చెప్పు.

మడ అడవుల్లో, వాగుల దగ్గర ఉప్పునీటి మొసళ్ళుంటాయి. చీకట్లో నీటి అంచున చోటు పెట్టకు. జలగలకి పొడవాటి మేజోళ్ళు చాలు. పోర్టు బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు బోలెడుమంది, పడవలు, బస్సుల వేళలు వాళ్ళనే అడుగు.

మీ పెదనాన్న