తాతగారి కథ గడి బయట మొదలుపెట్టు

నల్లగొండ

చిరంజీవి అల్లుడికి, మీ మామయ్య ఆశీస్సులు.

మీ తాతగారి (మీ నాన్నగారి తండ్రి) జీవితం పుస్తకంగా రాయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. గడిలో, అంటే దొరలుండే కోటలాంటి ఇంట్లో, దొరగా పుట్టి, తర్వాత ఊరూరా తిరిగి ఓట్లడిగిన మనిషి కథ రాయవలసిందే. ఒక మాట మాత్రం ముందే చెబుతాను: చుట్టాల దగ్గరికి ఆఖరున వెళ్లు.

ఈ తప్పు నేను చేశాను. మా నాన్నగారి మీద చిన్న పుస్తకం వేసినప్పుడు మీ అమ్మమ్మ, మా బాబాయిలు చెప్పిందే రాశాను. చెరువు కింద రెండెకరాలు ఒక ఇంటికి దానమిచ్చారని అందులో ఉంది. ఆవిష్కరణ రోజున ఆ ఇంటి పెద్దాయన వచ్చి, నాలుగు మడతలు పెట్టిన ప్లాస్టిక్ సంచిలోంచి ఖాస్రా పహాణీ (భూమి ఎవరిదో, సాగు ఎవరిదో రాసే సర్కారు రికార్డు) నకలు తీశాడు. 1954-55 నాటిది. పట్టాదారు మా నాన్న. సాగుదారు వాళ్ల నాన్న. "మేము కౌలుదారులం బాబూ, దానం పుచ్చుకోలేదు" అన్నాడు మెల్లగా. 1950 కౌలుదారీ చట్టం వాళ్లకిచ్చిన హక్కును నేను మా నాన్న దయగా అచ్చు వేశాను. ఆ కాగితం పట్టుకున్న వేళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి.

అందుకే ముందు పహాణీలు తీయించు. నిజాం కాలం నాటివి ఉర్దూలో ఉంటాయి. చదివిపెట్టే పెద్దలను వెతుక్కో. వాటిలో ఉండేది ఫసలీ, అంటే నిజాం సర్కారు లెక్క సంవత్సరం; ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే దానికి 590 కలుపు, నెలను బట్టి ఒక్కోసారి 591. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కూ వెళ్లు. బ్రిటిష్ పాలన అని మాత్రం రాయకు. మనల్ని నేరుగా ఏలింది నిజాం, ఊళ్లో ఏలింది దొర, పటేలు, పట్వారీ.

రాజకీయం దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న నీకు ముఖ్యం: మీ తాతగారు ఖద్దరు కట్టింది నిజాం పాలన కూలిన 1948 సెప్టెంబరుకు ముందా, తర్వాతా? నిజాం పోయాక కాంగ్రెస్ టోపీ పెట్టుకుని గడికి తిరిగొచ్చిన దొరలు మన జిల్లాలో చాలామంది. అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న బొల్లేపల్లిలో భూస్వామి ఇంట పుట్టిన రావి నారాయణరెడ్డిగారు 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ (నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ) సమావేశాలకు అధ్యక్షత వహించారు. సొంత భూమి పేదలకు పంచారు. 1952లో పీడీఎఫ్ (కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్) తరఫున నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు. ఆ రోజుల్లో మీ తాతగారు ఏ పక్కన నిలబడ్డారో దాచకుండా రాయి. ఆయన మీద నాకూ గౌరవముంది. బడి కట్టించారు, అదీ రాయి. ఆ బడికి రాళ్లు మోసింది వెట్టికా కూలికా అన్నది కూడా దాని పక్కనే ఉండాలి.

వెట్టి గురించి, నాగు (వడ్డీకిచ్చే ధాన్యం) గింజల గురించి, వాటి కింద నలిగినవాళ్ల వాడకట్టులోకి వెళ్లి, వాళ్ల అరుగు మీద కూర్చుని అడుగు. మీ ఇంటికి పిలిపించి అడగకు; గుమ్మం చూస్తేనే వాళ్ల మాట మారిపోతుంది. ఆడవాళ్లను విడిగా అడుగు.

చిన్నప్పుడు మీ తాతగారి బండి ముందు పరిగెత్తిన ఒకాయన ఇంకా ఉన్నాడు. తొంభై దాటాయి, వినికిడి తగ్గింది, జ్ఞాపకం మాత్రం గట్టిది. ఈ ఆదివారమే వచ్చెయ్యి. పొద్దున్నే ఇద్దరం కలిసి ఆయన ఇంటికి వెళదాం.

మీ మామయ్య