అల్లుడూ, ఆరు సీట్లూ ఒకే వరసలో కొనకు

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

మీ ఇంజనీరింగ్ బ్యాచ్ ఆరుగురూ టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో డాలస్ కౌబాయ్స్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టికెట్లు ఇంకా కొనకపోతే ముందు ఈ మాట విను. ఆరు సీట్లూ పక్కపక్కన తీసుకోకు. మేం అదే చేశాం. ఆ చివరనున్న వాడికీ ఈ చివరనున్న నాకూ మధ్య మూడు గంటల్లో నడిచిన మాటలు ‘పాప్‌కార్న్ ఇటు పంపరా’, ‘ఆఁ? ఏంటీ?’ అంతే. ఒక వరసలో మూడు, సరిగ్గా దాని వెనక మూడు తీసుకో. వెనకవాడు కాస్త వంగితే చాలు, అందరికీ వినపడుతుంది. అన్నీ ఒక్కడే కొనాలి. కొన్నవాడు ముందురోజే ఎవరి టికెట్ వాళ్ళ ఫోన్‌కి పంపేయాలి.

ఖరీదైన సీట్ల కోసం ఎగబడకు. మైదానం పైన 160 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తున్న తెర వేలాడుతూ ఉంటుంది. పై అంతస్తులో కూర్చుంటే అది కళ్ళకి ఎదురుగా ఉంటుంది. 2009లో, స్టేడియం తెరిచిన కొత్తలో, టెనెసీ జట్టు పంటర్, అంటే బంతిని దూరంగా తన్నేవాడు, తన్నిన బంతి వెళ్ళి దానికే తగిలింది. ఆ ఒక్క ప్రయత్నం మళ్ళీ ఆడించారు. దానితో చిక్కల్లా ఒకటే, కన్ను లాగేసుకుంటుంది. నేను మొదటి క్వార్టరంతా, అంటే ఆటలో మొదటి పావు వంతు, ఇంట్లో టీవీ చూసినట్టు చూసి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే తేరుకున్నాను. బంతి కదిలే ముందు మైదానం చూడు, ఆట ఆగాక తెర మీద రీప్లే చూసుకో.

ఆట తెలియనివాళ్ళకి పెద్ద క్లాసు పీకకు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, ఒక్కో ప్రయత్నాన్ని ‘డౌన్’ అంటారు అని చెప్తే చాలు. అవతలి జట్టు మూడో డౌన్‌కి వచ్చినప్పుడు గొంతు చించుకోవాలి, మనవాళ్ళ చేతిలో బంతి ఉంటే గోల చెయ్యకూడదు. గడియారం ప్రకారం ఆట 60 నిమిషాలే, నడిచేది మాత్రం మూడు గంటల పైనే. అస్తమానం ఆగుతుందని విసుక్కుంటారు గానీ, పాత స్నేహితులతో చూడటానికి ఇంతకన్నా మంచి ఆట లేదు. ఆగినప్పుడల్లా కబుర్లే కదా.

బ్యాక్‌ప్యాక్ తేవద్దని అందరికీ చెప్పు. 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు దాటని, లోపలున్నవి కనిపించే ప్లాస్టిక్ సంచీ అయితే రానిస్తారు. మాలో ఒకడు లాప్‌టాప్ బ్యాగు తగిలించుకొచ్చి, మళ్ళీ కారు దాకా నడిచి, ఆట మొదలెట్టే కిక్‌ఆఫ్ పోగొట్టుకున్నాడు. వాణ్ణి వదిలేసి మేం లోపలికి వెళ్ళిపోయామని ఇప్పటికీ దెప్పుతాడు. సాయంత్రం మ్యాచ్ అయితే పడమటి అద్దాల్లోంచి ఎండ సూటిగా కొడుతుంది. 2024 నవంబరులో కౌబాయ్స్‌లో బంతి అందుకునే ఆటగాడు సీడీ ల్యాంబ్ అంతటివాడికే ఆ వెలుగులో బంతి కనపడలేదు. టోపీ పెట్టుకో.

స్టేడియం ముందు దింపే రైలేమీ లేదు. ఆరుగురూ ఒకే బండిలో రండి. పార్కింగ్ పాస్ ముందే కొను, అదీ టెయిల్‌గేటింగ్‌కి, అంటే ఆటకి ముందు బండి దగ్గరే కూర్చుని కాలక్షేపం చెయ్యడానికి, అనుమతి ఉన్న లాట్‌కే. డిక్కీ తెరిచి, మడత కుర్చీలు వేసుకుని రెండు గంటలు కూర్చోండి. బయట అనీష్ కపూర్ చేసిన ‘స్కై మిర్రర్’ అనే పెద్ద ఉక్కు అద్దం ఉంటుంది, గ్రూప్ ఫొటో అక్కడ దిగండి. లాట్ నంబరు కూడా ఫొటో తీసుకో, నేను తీసుకోక చీకట్లో గంటసేపు కారు వెతికాను.

ఆట అవ్వగానే పరుగెత్తకండి, బయట కార్లు ఎలాగూ కదలవు. జనం పోయేదాకా సీట్లలోనే కూర్చోండి. మా వాడొకడు తన గుండె ఆపరేషన్ సంగతి మాతో మొదటిసారి చెప్పింది ఆ ఖాళీ వరసల మధ్యే. అప్పటిదాకా మాకెవరికీ తెలీదు.

టికెట్లు తీసుకున్నాక ఫోన్ చెయ్యి.

మీ మామయ్య